గుర్రం సినిమా చివర నేనన్న మాట

మా చిన్నోడు పోయిన కబురు మా ఇంటాయన తెచ్చాడు. ఆయన గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కాయలు ఏరే పని చేస్తాడు. పొద్దున పోయిన మనిషి ఎండ ఎక్కకముందే తిరిగి వచ్చాడు. తలకు చుట్టిన తువ్వాలు తీయలేదు. సైకిలు మార్కెట్లోనే మరిచిపోయి నడిచి వచ్చాడు. నేను మిషను మీద జాకెట్టు కుడుతున్నాను. గడప దగ్గర నిలబడి, "చిన్నోడు లేడంటమే" అన్నాడు. నెల్లూరులో పెళ్లి వీడియో తీయడానికి పోయాడు గదా, అక్కడ లేకపోతే ఇంకో పెళ్లికి పోయుంటాడు అనుకున్నాను. ఆయన ఇంకేమీ అనకుండా అట్లాగే నిలబడేసరికి తెలిసింది.

కల్యాణమంటపంలో స్టేజీ పక్కన కుర్చీలో కూర్చున్నాడంట, కెమెరా ఒళ్లో పెట్టుకుని. అలిసిపోయి కునుకు తీస్తున్నాడని ఎవరూ లేపలేదంట. గుండె అన్నారు డాక్టర్లు. ముప్పై అయిదు నిండలేదు వాడికి.

గడప దగ్గర అన్న ఆ మాట తర్వాత మా ఇంటాయన నోట వాడి ఊసు రాలేదు. ఏడవలేదు, తిట్టలేదు, తలచుకోలేదు. ఇంటికొచ్చినవాళ్లు వాడి మాట ఎత్తితే లేచి చెంబు తీసుకుని దొడ్లోకి పోయేవాడు.

సమాధుల తోటకు నేనెన్నడూ చూడని పిల్లలు వచ్చారు. కావలి నుంచి, నెల్లూరు నుంచి, మనుబోలు నుంచి బండ్లేసుకుని వచ్చారు. పాస్టరుగారు రావడం కొంచెం ఆలస్యమైంది. అందరం పెట్టె చుట్టూ నిలబడి ఉన్నాం. నా వెనక ఇద్దరు పిల్లలు గొంతు తగ్గించి వాదులాడుకుంటున్నారు.

"రమ్మనిందిరా. లోపలికి రమ్మనకపోతే ఆ కళ్లు అట్టా ఎందుకయితాయి?"

"రమ్మంటే పోతాడా ఎవడైనా? ఇంక రావొద్దనింది. అందుకే గుర్రం తిప్పినాడు."

"నువ్వు సరిగ్గా చూడలే. మళ్లీ చూడు."

"ఎన్ని మాట్లు చూడమంటావురా?"

నేను వెనక్కి తిరిగాను. ఇద్దరూ తల దించుకున్నారు. వాళ్లు మాట్లాడుకుంటున్నది నా గురించే. నా ఎదురుగా నిలబడి నన్ను గుర్తుపట్టలేదు. చిన్నోడు తీసిన గుర్రం సినిమా చివర కనపడేది నేనే, అందులో నాకు తెల్లచీర, నెత్తిన ముసుగు. పైగా అప్పటికి నా జుట్టు ఇంకా నల్లగానే ఉంది.

ఆ సినిమాను ఇష్టపడే పిల్లలే ఇప్పుడు వాడి జ్ఞాపకంగా ఒక పుస్తకం వేస్తున్నారు. నన్ను కూడా రాయమన్నారు. నేను చర్చివాళ్ల మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివాను. చర్చిలో పాటల పుస్తకం చదువుతాను, కుట్టుపనికి కొలతలు రాసుకుంటాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే మా పెద్దమ్మాయి దిద్దింది. దిద్దొద్దన్న చోట దిద్దలేదు.

చిన్నప్పుడు వాడు మిషను కింద కూర్చునేవాడు. దారం అయిపోయిన రీళ్లు నేను పక్కన పడేస్తే ఒకటి తీసుకుని, దాని కన్నంలోంచి ఇల్లంతా చూసేవాడు. నా కాలు తొక్కుడు మీద ఆడడం చూసేవాడు. వాళ్ల నాన్న అన్నం కలుపుకునే చెయ్యి చూసేవాడు. "ఏంరా చూస్తుండావు?" అంటే, "అంతా కనపడితే ఏం కనపడదమ్మా, ఇందులో నుంచి అయితే నీ కాలొక్కటే కనపడతా ఉంది" అనేవాడు. పిల్లవాడి మాట గదా అని నవ్వుకునేదాన్ని.

సినిమాకు పోయి వస్తే కథ మొత్తం చెప్పేవాడు, చివర మాత్రం చెప్పేవాడు కాదు. "చివర నువ్వు చెప్పు" అనేవాడు. నేను కుడుతూ కుడుతూ ఏదో ఒకటి చెప్పేదాన్ని. హీరోకు పెళ్లయిందనో, విలన్ మారుమనసు పొంది చర్చికి వచ్చాడనో. పడిపడి నవ్వేవాడు. అసలు చివర ఏంటో చాలా సినిమాలకు నాకు ఈనాటికీ తెలియదు.

పదో తరగతిలో ఉండగా, మా వీధి మొగదల క్యాసెట్ల షాపాయన దగ్గర ఇంగ్లీషు గుర్రాల సినిమాలు చూడడం మరిగాడు. టోపీలు, తుపాకులు, దుమ్ము. ఒక్క మాట అర్థమయ్యేది కాదు. "ఏం తెలస్తదని చూస్తావురా?" అని వాళ్ల నాన్న కేకలేస్తే, "మాటలు తెలీకపోతే మొహాలు బాగా కనపడతాయి నాన్నా" అన్నాడు. ఆయనకు ఏం చెప్పాలో తోచక, మార్కెట్లో నిమ్మకాయను పట్టి చూసినట్టు వాడి మొహం అటూ ఇటూ తిప్పి చూసి వదిలేశాడు.

పెద్దయ్యాక పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు, చర్చిలో అర్పణ కూడికలకు వీడియోలు తీసి బతికాడు. మనసంతా ఒక గుర్రం సినిమా తీయాలని. గూడూరు నుంచి సముద్రం వైపు పోతే తెల్లటి ఇసుక దిబ్బలుంటాయి. గాజు చేయడానికి ఆ ఇసుకను లారీల్లో తోలుకుపోతారు. మధ్యాహ్నం పూట ఆ దిబ్బల మధ్య నిలబడితే కళ్లు తెరవలేము. అక్కడికి నన్నొకసారి బండి మీద తీసుకుపోయి చూపించాడు. "ఇది మన జిల్లా అంటే ఎవుడన్నా నమ్ముతాడామ్మా?" అన్నాడు. అప్పుడు వాడి మొహంలో ఉన్న సంబరం నేను మళ్లీ చూడలేదు.

డబ్బులేని సినిమా అది. కోట్లు కుట్టింది నేనే. లారీల మీద కప్పే పాత పట్టా తెచ్చి, ఉతికి, కత్తిరించి కుట్టాను. సూదులు విరిగాయి. టోపీలు మా వైపు చేపలు పట్టేవాళ్లు పెట్టుకునే తాటాకు టోపీలే. టీ డికాక్షన్లో నానబెట్టి, అంచులు వంచి, ఎండలో పెట్టాడు. ఇంటి ముందు తాడు మీద వరసగా టోపీలు ఆరుతుంటే మా ఇంటాయన గేటు దగ్గర ఆగి, "ఎవరింటికొచ్చినానబ్బా?" అన్నాడు.

గుర్రం నెల్లూరుది. పెళ్లికొడుకులను ఊరేగించే తెల్లగుర్రం. దాని సాయిబు పెళ్లిళ్లలో మా వాడికి పరిచయం. ఆయన నన్ను అక్కా అని పిలుస్తాడు. "గుర్రానికి కూలి వద్దక్కా, మేత పెడితే చాలు" అన్నాడు. ఆ గుర్రం ఎంత మంచిదో అంత తంటా తెచ్చింది.

తుపాకులు పేల్చే సీను తీసిన రోజు నేను అన్నం క్యారియర్లు తీసుకుని పోయాను. తుపాకీ శబ్దానికి టపాకాయలు పేల్చారు. మొదటిది పేలగానే గుర్రం చెవులు రిక్కించింది. రెండోది పేలేసరికి కాళ్లెత్తి డాన్సు మొదలుపెట్టింది. పెళ్లి ఊరేగింపులో టపాకాయలు పేలితే ఆడాలని దానికి నేర్పారు గదా. దానికి పెళ్లి అనిపించింది. పైన కూర్చున్న హీరో ఎగిరెగిరి పడుతున్నాడు. గుండు తగిలి చచ్చి పడిపోయినవాళ్లు ఇసుకలో పడుకుని కడుపులు కదిలేలా నవ్వుతున్నారు.

"కట్ చెప్పబ్బా" అని కెమెరా పట్టుకున్న స్నేహితుడు అరుస్తున్నాడు.

"ఆపొద్దు. అదేం చేస్తదో చెయ్యనీ" అన్నాడు మా వాడు.

సాయిబు తల పట్టుకుని, "నా పరువు తీసింది రాణి" అన్నాడు. గుర్రం పేరు రాణి. అదంతా సినిమాలో అట్లాగే ఉంది. చచ్చినవాళ్ల మధ్య గుర్రం ఒక్కటే ఆడుతూ ఉంటుంది. అక్కడ కొందరు నవ్వుతారు, కొందరు ఏడుస్తారు. కావలిలో ఒక లెక్చరరుగారు దాని మీద పెద్ద వ్యాసం రాశారంట.

చూడనివాళ్లకు కథ చెబుతాను. ఒక మనిషి గుర్రమెక్కి తెల్ల ఇసుకలో వస్తాడు. మొహానికి గుడ్డ. గుర్రం మీద ఒక చెక్క పెట్టె కట్టి ఉంటుంది. ఎవరిదో ఇల్లు ఎక్కడని అడుగుతాడు. ఎవరూ చెప్పరు. కొందరు నీళ్లివ్వరు, కొందరు కాలుస్తారు. చివరకు ఒక ఇంటి ముందుకు వస్తాడు. ఒకామె తలుపు తీసుకుని బయటికి వచ్చి అతన్ని చూసి ఏదో అంటుంది. ఆ మాట వినపడదు. గాలి శబ్దం ఒక్కటే. అతని కళ్లు మారతాయి. పెట్టె దించి ఆమె కాళ్ల దగ్గర పెట్టి, గుర్రం తిప్పుకుని పోతాడు. ఆమె పెట్టె తెరవదు. అంతే. దానికి వాడు పెట్టిన పేరు ఇంగ్లీషులో ఉంది, నాకు నోరు తిరగదు. మా ఇంట్లో గుర్రం సినిమా అంటాం.

ఆ చివర సీను నాటికి హీరో వెళ్లిపోయాడు. నెల్లూరులో జిమ్ముకు పోయే పిల్లవాడు, ఎండకు ఒళ్లంతా బొబ్బలెక్కి రానన్నాడు. మొహానికి గుడ్డ ఉంది గదా అని మా చిన్నోడే కోటు తొడుక్కుని గుర్రమెక్కాడు. ఆమెగా వేయాల్సిన అమ్మాయి కూడా రాలేదు. నన్ను నిలబెట్టాడు.

"నాకేం చేతకాదురా" అన్నాను.

"నువ్వేం చెయ్యాల్సిన పన్లేదు. తలుపు తీసి నన్ను చూడు. నీకేం తోస్తే అది చెప్పు. మాటలు తర్వాత కలుపుకుంటాంలే."

తలుపు తీశాను. వాడు గుర్రం మీద, ఎండకు ఎదురుగా. గుడ్డకు పైన కళ్లు మాత్రం కనపడుతున్నాయి. తోచిన మాట అన్నాను. సముద్రపు గాలి బాగా వీస్తోంది. వాడికి మాత్రం వినపడింది.

తర్వాత మాటలు కలిపే రోజు వచ్చింది. అందరి మాటలూ కలిపాడు, నాది కలపలేదు. "నాది వద్దా?" అంటే, "వద్దులేమ్మా. అది నాకు చెప్పినావు గదా" అన్నాడు.

గూడూరులో ఒక హాలు వాళ్లను బతిమాలి ఉదయం ఆట వేయించాడు. వచ్చినవాళ్లలో సగం మా చర్చివాళ్లే. మా ఇంటాయన మధ్యలోనే లేచి బయటికొచ్చి గోలీసోడా తాగుతూ కూర్చున్నాడు. ఎట్లా ఉందని ఎవరో అడిగితే, "కాయ పెద్దదే, రసం లేదు" అన్నాడు. ఆ మాట మార్కెట్టంతా తిరిగింది. చిన్నోడు కూడా విని నవ్వాడు. "నాన్న ఒకడే నిజం చెప్పినాడు" అన్నాడు. కానీ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

పాస్టరుగారికి తుపాకులు నచ్చలేదు. పాస్టరమ్మగారు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఆ పిల్లోడు చచ్చిపోయినోడు గదమ్మా, ఇల్లు చూసుకోడానికి వచ్చినాడు గదా" అని కళ్లు తుడుచుకుంది. మా పెద్దమ్మాయి, "అర్థం కాకుండా తీయడం గొప్పా?" అని తమ్ముడితో పోట్లాడింది. "అర్థం కాకపోతే మళ్లీ చూస్తారులేక్కా" అన్నాడు వాడు. సాయిబును అడిగితే, "అందరిలోకి నా రాణి బాగా చేసింది" అన్నాడు.

హాల్లో ఆ ఒక్క ఆటతో సరి. తర్వాత ఎవరైనా చూసుకోండని ఫోన్లలో పెట్టాడు. కొన్నేళ్లు దాని మాటే లేదు. వాడు మళ్లీ పెళ్లిళ్లకు పోతూ వచ్చాడు. తర్వాత ఎట్లా పాకిందో ఏమో, కాలేజీ పిల్లలు చూడడం మొదలుపెట్టారు. హాస్టళ్లలో గుంపుగా చూసేవాళ్లంట. ఆమె తల్లి అని కొందరు, పెళ్లాం అని కొందరు, చావే ఆడమనిషి రూపంలో వచ్చిందని కొందరు. అసలు ఇదొక సినిమానా అని తిట్టేవాళ్లు అందరికంటే ఎక్కువమంది. వాళ్లు కూడా చివరిదాకా చూసే తిట్టేవాళ్లు. వాడు ఎవరికీ బదులు చెప్పేవాడు కాదు. అన్నం తింటూ ఫోన్లో అవన్నీ నాకు చదివి వినిపించేవాడు. తిట్లు చదివేటప్పుడు గొంతు మార్చి, తిట్టినవాళ్లలాగే చదివేవాడు.

ఒకసారి మనుబోలు నుంచి ఒక పిల్లవాడు ఇంటికి వచ్చాడు. చిన్నోడు ఊళ్లో లేడు. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాను. "అమ్మా, ఒక్కటి చెప్పు. ఆ పెట్టెలో ఏముంది?" అన్నాడు. అందులో అస్థికలున్నాయని వాడి లెక్క. రూములో వాడి స్నేహితుడు, కాదు, బిడ్డ బట్టలున్నాయంటాడంట. ఇద్దరూ దాని మీద పందెం దాకా పోయారంట. నేను ఉన్నది చెప్పాను. "ఏముంటది నాయనా, ఏమీ లేదు. అది మా కుట్టుమిషను మీద కప్పే చెక్క మూత. ఇదుగో" అని చూపించాను. పిల్లవాడు మూతను చూశాడు. చేత్తో తట్టి చూశాడు. "అంతేనా" అన్నాడు. మజ్జిగ సగంలో పెట్టి లేచిపోయాడు. మళ్లీ రాలేదు. పెట్టె గురించి ఫోన్లలో మాట్లాడుకోవడం కూడా కొన్నాళ్లకు తగ్గిపోయింది. చిన్నోడికి చెబితే కోప్పడలేదు. "పోనీలే, ఇంకా నువ్వేమన్నావో మిగిలింది గదా" అన్నాడు.

వాడు పోయాక చర్చివాళ్లు మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక అయిన కొన్నాళ్లకు వాడి స్నేహితుడు, ఆ కెమెరా అబ్బాయి వచ్చాడు. నన్ను పెద్దమ్మా అంటాడు. మా చిన్నోడి పక్కనే పెరిగినవాడు. ఫోన్లలో సినిమాలు పెట్టే ఒక పెద్ద కంపెనీ మన సినిమా అడుగుతోందని చెప్పాడు. ఒకటే షరతు. చివర ఆమె మాట వినపడాలి.

"జనానికి చివర తెలియకపోతే ఊరుకోరంట పెద్దమ్మా. నువ్వొచ్చి ఆ ఒక్క మాట చెప్పు. దేశమంతా చూస్తారు. వాడి పేరు నిలబడిపోద్ది."

మా పెద్దమ్మాయి కూడా, "చెప్పెయ్యమ్మా. బతికుండగా ఎవరూ వాడిని ఇంత అడగలేదు" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. వాడి పేరు పదిమంది నోళ్లలో పడాలని నాకు మాత్రం ఉండదా? సరే అన్నాను. చెన్నైకి పోయే రోజు నా సంచి మా ఇంటాయనే పట్టుకుని రైలెక్కాడు.

చెన్నైలో అదొక చీకటి గది. అద్దానికి అవతల ఒకతను మీటల ముందు కూర్చున్నాడు. అతని పక్కన కెమెరా అబ్బాయి, వెనక గోడకానుకుని మా ఇంటాయన. నా చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగి మైకు ముందు నిలబెట్టారు. ముందున్న తెర మీద తెల్ల ఇసుక. గుర్రం వస్తోంది. మా చిన్నోడు.

వాడు పోయిన తర్వాత వాడు కదలడం నేను చూడ్డం అదే మొదలు. నేను చెప్పాల్సిన చోటు దాటిపోయింది.

కెమెరా అబ్బాయి లోపలికి వచ్చి నీళ్లిచ్చాడు. "నీకు గుర్తు రాకపోతే ఇది చెప్పు పెద్దమ్మా, నీ పెదాలకు సరిపోద్ది" అని ఒక మాట చెప్పాడు. వాడి కోసమే తలుపు తీసి పెట్టానని వచ్చే మాట. మంచి మాటే. అసలు మాట చెప్పే ముందు ఇది చెబితే గొంతు సాగుతుందనుకుని చెప్పాను. అద్దం అవతల మీటల అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చాలా బాగుందమ్మా, ఒకసారి వినండి" అని మళ్లీ వేశాడు.

తెర మీద తలుపు తీశాను. నా గొంతు వినపడింది. వాడి కళ్లు మారాయి.

అవి మా వాడి కళ్లు కావు. అదే బొమ్మ, అదే ఎండ, గుడ్డకు పైన అవే కళ్లు. కానీ నా గొంతు పడగానే అవి ఇంకెవరివో అయిపోయాయి. ఆ మాటకు తగినట్టు అయిపోయాయి. ఆ రోజు ఆ గుర్రం మీద నుంచి వాడు నన్ను అట్లా చూడలేదు. ఎట్లా చూశాడో నాకు తెలుసు. ఏ మాటకు వాడి కళ్లు అట్లా అవుతాయో వాడు పుట్టినప్పటి నుంచి నాకు తెలుసు.

"ఇది తీసెయ్యి నాయనా" అన్నాను.

"ఎందుకు పెద్దమ్మా? బ్రహ్మాండంగా ఉంది గదా."

"వాడు కాదు ఇది. తీసెయ్యి."

"సరే, నువ్వు నిజంగా ఏమన్నావో అదే చెప్పు మరి. గుర్తుంది గదా?"

"ఉంది."

"చెప్పు."

తెర మీద గుర్రం మళ్లీ వచ్చి నిలబడింది. నేను నోరు తెరిచాను. చిన్న మాట అది. ఏ తల్లయినా అనే మాట. చెప్పేస్తే అయిపోతుంది. దేశమంతా వింటారు. విని, "అంతేనా" అంటారు. సమాధి దగ్గర నా వెనక నిలబడి వాదులాడుకున్న పిల్లలు కూడా ఓహో అనుకుని బండ్లెక్కి ఎవరిళ్లకు వాళ్లు పోతారు. ఆ పిల్లలు కళ్లలో మెదిలారు. వాడిని పడుకోబెట్టిన పెట్టె తెరిచి ఉండగా వాళ్లు వాడి గురించి, వాడు పక్కగదిలో ఉన్నట్టు మాట్లాడుకున్నారు.

చెవులకు తొడిగినవి తీసి కింద పెట్టాను. "నేను చెప్పను నాయనా. ఏమనుకోవద్దు" అన్నాను.

కెమెరా అబ్బాయికి కోపం వచ్చింది. రావాల్సిందే. ఆ అబ్బాయి ఎంత తిరిగాడో దీని కోసం. "వాడి పేరు నిలబడద్దా పెద్దమ్మా నీకు?" అన్నాడు. స్టేషను దాకా మాతో వచ్చాడు. రైలు కదిలే ముందు కిటికీ దగ్గరకు వచ్చి, ఇడ్లీ పొట్లం నా చేతిలో పెట్టాడు. "వాడూ ఇంతే. ఎడిటింగులో నా మాట ఒక్కటీ వినేవాడు కాదు" అన్నాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు.

వాడి పేరు దేశమంతా పోకుండా ఆపింది నేనే. అది నాకు తేలిక కాదు. మా పెద్దమ్మాయి నాతో కొన్నాళ్లు సరిగ్గా మాట్లాడలేదు. ఇది చదివే మీలో కూడా, అమ్మ ఇక్కడైనా ఆ మాట రాస్తుందేమోనని చూసేవాళ్లుంటారు. ఇక్కడా రాయను. మీరు మీరు అనుకున్నదే అనుకోండి. తిట్టేవాళ్లు తిట్టండి. వాడికి మీ తిట్లంటే ఇష్టమే.

రైలు సూళ్లూరుపేట దాటింది. సాయంత్రం ఎండ. బయటంతా ఉప్పునేల, అక్కడక్కడ నీళ్లు. మా ఇంటాయన కిటికీ పక్కన, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చున్నాడు. నాయుడుపేట దగ్గర పడుతుండగా, బయటికి చూస్తూనే అన్నాడు.

"అన్నం తిన్నావా అని అడిగుంటావు."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఎవరిని?" అన్నాను.

"చిన్నోడిని. ఆ గుర్రం మీద."

ఆయన నోట ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో. ఏడిస్తే ఆయన మళ్లీ మూసుకుపోతాడని పళ్లు బిగబట్టాను.

"కాదు" అన్నాను.

"ఎండలో ఏందిరా ఈ పని, దిగు అన్నావా?"

"కాదు."

"అదీ కాదా?" నా వైపు తిరిగాడు. "నేను ఇంటర్వెల్ ముందే లేసి వచ్చినాగాని, తర్వాత చూసినాలే. ఫోన్లో. మార్కెట్లో మధ్యాన్నం పూట. వాడికి చెప్పలే."

"ఎన్నడు?"

"చానా మాట్లు చూసినా. ఆ గుర్రం మీద వాడు కూర్చున్నది చూసినావా? చిన్నప్పుడు నా సైకిలు ముందు కడ్డీ మీద అట్టనే కూర్చునేటోడు, నడుం కొంచెం ఎడం పక్కకేసి. నాకు అప్పుడే తెలిసిపోయింది అది వాడేనని. ఆ లెక్చరరుకేం తెలుసు?"

అట్లా మొదలుపెట్టాడు. సైకిలు మీద వాడిని తొలిసారి మార్కెట్టుకు తీసుకుపోయింది చెప్పాడు. నిమ్మకాయల రాశి మీదకెక్కి వాడు జారి పడింది చెప్పాడు. మధ్యమధ్యలో ఆగి, ఒక మాట చెప్పి, ఇదేనా అని నా మొహం చూసేవాడు. నేను కాదనేదాన్ని. ఎదురు సీట్లో బుర్ఖా వేసుకున్న ఒకామె ఇదేదో ఆట అనుకుని ఆమె కూడా ఒక మాట చెప్పింది. "నువ్వుండమ్మా, వాడు నా కొడుకు, నేను చెప్తా" అన్నాడు ఆయన.

గూడూరు వచ్చింది. జనం సంచులెత్తుకుని తలుపు వైపు తోసుకుంటున్నారు. "దిగుదాం రావయ్యా" అని లేచాను.

"ఉండమే, ఆలోచిస్తా ఉండా" అన్నాడు. సంచి ఒళ్లోనే ఉంది. తల కొంచెం వెనక్కి వాల్చి, తిరిగే ఫ్యాను వైపు చూస్తూ, పెదాలు మాత్రం కదిలిస్తూ, మాట వెనక మాట పెట్టి చూసుకుంటున్నాడు.